వాద్యమును మోకాలును

విశాఖపట్టణపు రేవులో ఓడనుండి సరకు దింపుచున్నప్పుడు చూచువారి కన్నులు గాలిలో వ్రేలాడు బరువుమీదనే నిలుచును. ఆ బరువును ఎత్తుచు దించుచున్న క్రేను డ్రైవరు ఎవరికిని కానరాడు. అతడు మిక్కిలి ఎత్తున నొక చిన్న గదిలో కూర్చుండి, చేతులను మీటలమీద నుంచి, చూపును క్రిందికి నిలిపి పనిచేయుచుండును. అనుభవము గల డ్రైవరు ఆ గదిలో అడుగిడినంతనే బరువెత్తుటకు పూనుకొనడు. మొదట తన ఆసనమును ముందుకో వెనుకకో జరుపుకొనును; ఎత్తు సరిచూచుకొనును. ఆసనము ఒక బెత్తెడు వెనుకకున్నచో ప్రతి కదలికకును అతడు నడుము వంచవలసి వచ్చును. ఒక్కసారి వంగినందున నష్టము లేదు. ప్రొద్దుటినుండి వంగుచునే యున్నచో సాయంకాలమునకు నడుము పట్టును, చేయి తడబడును. చేయి తడబడినచో క్రిందనున్నవారికి అపాయము.

లారీ నడుపువాడును, కుట్టుమిషను త్రొక్కు దర్జీయును ఇట్లే చేయుదురు. యంత్రముల విషయమున ఎల్లరును ఒప్పుకొను ఈ సంగతిని వాద్యముల విషయమున మాత్రము తఱచుగా మఱచుచుందురు. వీణ నేర్వవచ్చిన బాలికకు సరళీస్వరములను గూర్చియు, తాళమును గూర్చియు ఎంతో చెప్పుదురు. ఎట్లు కూర్చుండవలెనో ఒక్క మాటలో చెప్పి విడిచిపెట్టుదురు. నెల తిరుగులోపల ఆమెకు వీపు నొచ్చును, కాలు తిమ్మిరెక్కును, మణికట్టు సలుపును. తనకు సంగీతము అబ్బదని ఆమె అనుకొనును. ఇంటివారును అట్లే అనుకొందురు. వీణ అటకమీదికి ఎక్కును. అట్లు అటకలెక్కిన వీణలలో ఎన్నింటికి ఒక మడత తువాలు చాలియుండెడిదో చెప్పుట కష్టము.

తువాలు మాట ఏలయన, వీణ కూర్చుండువాని కాలిమీద ఆధారపడిన వాద్యము. విశాఖపట్టణమునకు ఉత్తరముగా, విజయనగరము జిల్లాలో, బొబ్బిలి కలదు. దానికి చేరువనున్న గొల్లపల్లిలో వీణలు చెక్కు శిల్పులు తరతరములుగా నివసించుచున్నారు. ఒకే పనసదుంగనుండి కుండను దండిని అతుకు లేకుండ తొలిచి చేసిన వీణకు ఏకాండి వీణయని పేరు. బొబ్బిలి వీణ ఖ్యాతి అట్టి పనితనమువలన వచ్చినదే. దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. వీణపై 24 మెట్లుండును. స్వరములు పలుకు తీగలు 4, శ్రుతికిని తాళమునకును ప్రక్కగా అమర్చిన తీగలు 3. వాయించువాడు నేలమీద కాళ్ళు మడిచి కూర్చుండగా కుండ అతని కుడివైపున నేలపై ఆనుకొని యుండును. దండి ఆవలి కొననున్న సొరకాయ బుర్ర ఎడమ తొడమీద నిలుచును. కుడిచేయి తీగలను మీటును. ఎడమచేయి దండిని చుట్టి వచ్చి, మెట్లమీద తీగలను నొక్కును.

ఇందు ఎడమ మోకాలి పాత్రను గమనింపవలెను. మోకాలు నేలనుండి మిక్కిలి పైకి లేచియున్నచో దండి కొన కూడ లేచును. అప్పుడు ఎడమ మణికట్టు వంకరపోవును. మోకాలు మిక్కిలి దిగియున్నచో బుర్ర ముందుకు జాఱును. జాఱకుండ ఆపుటకు ఎడమచేయి వీణను పట్టుకొనవలసి వచ్చును. వీణలో గమకమంతయు ఎడమచేతి వ్రేళ్ళలోనే కలదు. మెట్టుమీద తీగను ప్రక్కకు లాగి పై స్వరమును పలికింపవలసినది ఆ వ్రేళ్ళే. బరువు మోయుచున్న చేయి ఆ పనిని చేయజాలదు. కావున తొడ చిన్నదైన పిల్లలకు మోకాలి క్రిందనో బుర్ర క్రిందనో మడిచిన బట్ట నుంచి, దండిని తగిన వాలులోనికి తేవలెను. ఇది సులభమైన పని. ఐనను ఎవరో ఒకరు ఎదుట కూర్చుండి చూచి చెప్పవలెను, ఏలయన వాయించువానికి తన మోకాలు కనబడదు.

వీణలో మఱికొన్నింటిని కూడ వాయించువానికి అనువుగా మార్చుకొన వీలుకలదు. మెట్లను మేకులతో బిగింపరు. మైనపు మెట్టమీద నిలుపుదురు. మైనమును మెత్తపఱచి, చెవితో వినుచు, ఒక్కొక్క మెట్టును జరిపి దాని స్థానమున నిలుపుటకు నేర్పరియైన పనివాడు కావలెను. తీగకును మెట్టునకును నడుమ ఎడము ఎక్కువైనచో వ్రేళ్ళు కోసికొనిపోవును. తక్కువైనచో తీగ మెట్టునకు తగిలి రొద చేయును. ఆ రెంటికి నడుమ నెక్కడనో ఒక్కొక్కరి వ్రేలికి తగిన ఎడము ఉండును.

వయొలిను కథ ఇంతకంటె విచిత్రమైనది. ఐరోపావారు దానిని గడ్డము క్రింద నొక్కిపట్టి, తఱచుగా నిలుచుండి వాయింతురు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున బాలుస్వామి దీక్షితులు మొదలగువారు దానిని దక్షిణాది సంగీతములోనికి తెచ్చిరి. తెచ్చినవారు వాద్యమును మార్చలేదు, పట్టును మార్చిరి. మన విద్వాంసుడు నేలపై కూర్చుండి, వయొలిను వెనుకభాగమును ఎడమ భుజమునకు ఎదకును ఆనించి, తలభాగమును కుడి పాదము చీలమండమీద నిలుపును. వాద్యము రెండుచోట్ల ఆధారము పొందినందున ఎడమచేయి పట్టుకొను పనినుండి విడివడి, తీగ పొడవున స్వేచ్ఛగా జాఱగలుగుచున్నది. జాఱుడు లేనిది మన గమకములు లేవు. విజయనగరమున 1919లో స్థాపింపబడిన మహారాజావారి సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు; అచ్చట వయొలిను ఆచార్యులుగా చేరి, 1936లో అధ్యక్షులైనవారు ద్వారం వేంకటస్వామినాయుడుగారు. ఆయన వయొలినును ప్రక్కవాద్యపు స్థానమునుండి లేవనెత్తి కచేరీలలో ప్రధానవాద్యముగా నిలిపిన ప్రముఖులలో ఒకరు. ఆ నాదమునకు ఆధారము కుడికాలి చీలమండ యని శ్రోతలలో ఎందరు తలచియుందురు?

వీణలోను వయొలినులోను కాలు ఆధారము మాత్రమే. అది తానుగా ఏ స్వరమును పలికింపదు. మోకాలిని కదల్చి స్వరమును మార్చు వాద్యమొకటి లోకమున కలదు. దాని పేరు పెడల్ స్టీల్ గిటారు. అది అమెరికాలో పుట్టి పెరిగినది. ఉక్కునగరపు పిల్లలకు ఆ పేరు వినగానే అది ఉక్కుతో చేయబడిన గిటారని తోచవచ్చును. ఆ మాట ఎడమచేతిలో పట్టుకొను ఉక్కు కడ్డీనిబట్టి వచ్చినది.

తీగను వ్రేలితో మెట్టుమీద నొక్కుటకు బదులు, నున్నని వస్తువు నొకదానిని తీగపై జాఱ్చి స్వరములు పలికించుట మనకు క్రొత్త కాదు. మన గోటువాద్యము అట్టిదే. దానిని చిత్రవీణ యని కూడ అందురు. దానికి మెట్లు లేవు. పసిఫిక్ సముద్రమునందలి హవాయి ద్వీపములలో పందొమ్మిదవ శతాబ్ది చివరను జోసెఫ్ కెకుకు అను యువకుడు గిటారును ఒడిలో పరుండబెట్టి, ఉక్కు కడ్డీతో వాయించు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. ఆ పద్ధతి అమెరికాకును, అచ్చటనుండి ఇతర దేశములకును వ్యాపించెను. మనదేశమున బ్రిజ్ భూషణ్ కాబ్రా, విశ్వమోహన్ భట్ వంటి విద్వాంసులు ఒడిలోని గిటారుతోనే హిందుస్థానీ రాగములను పలికించిరి. వారికి పెడళ్ళతో పని లేకపోయెను. రాగము ఒక్క తీగమీద సాగును. కడ్డీ జాఱినచో చాలును.

పాశ్చాత్య సంగీతమున చిక్కు వచ్చినది. అందు అనేక స్వరములను ఒక్కసారిగా పలికింతురు. కడ్డీ తిన్ననిది. అది తీగలన్నింటిమీదను ఒకే అడ్డగీతగా నిలుచును. వ్రేళ్ళవలె ఒక తీగను ఇచ్చటను, మఱియొక తీగను అచ్చటను నొక్కలేదు. కావున ఒక శ్రుతిలో కట్టిన తీగలనుండి కొన్ని స్వరసమూహములే లభించును. ఇంకను కావలెనన్నచో మఱియొక శ్రుతిలో కట్టిన రెండవ తీగలవరుస కావలెను. కొందరు రెండు, మూడు, నాలుగు వరుసలను ఒకే బల్లమీద బిగించుకొనిరి. అది మోయుటకే కష్టము. అప్పుడు, వాయించుచుండగనే ఒకటి రెండు తీగలను మాత్రము బిగించి స్వరమును పెంచు పెడలును కాలిక్రింద అమర్చు యోచన వచ్చెను. 1954లో వెలువడిన వెబ్ పియర్స్ పాటయొకదానిలో బడ్ ఐజక్స్ అను వాద్యకారుడు తీగలు మ్రోగుచుండగనే పెడలును త్రొక్కెను. స్వరము ప్రాకుచు మీదికి పోవుట వినిన తోటి వాద్యకారులు తమ వాద్యములకును పెడళ్ళు తగిలించుకొనసాగిరి. మన వీణవాడు వ్రేలితో తీగను లాగి సాధించుదానిని వారు పాదముతో లాగి సాధించిరని చెప్పవచ్చును.

కొంతకాలమునకు పెడళ్ళు కూడ చాలలేదు. ఎడమపాదము పెడళ్ళమీద నున్నది. కుడిపాదము ధ్వనిని హెచ్చించు తగ్గించు మఱియొక పెడలుమీద నున్నది. చేతులు రెండును తీగలమీద నున్నవి. ఇక మిగిలినవి మోకాళ్ళు. బల్ల అడుగున మోకాటి మీటలు ఆ విధముగా పుట్టినవి.

నేటి పెడల్ స్టీల్ గిటారు చూచుటకు సన్నని బల్లవలె నుండును. దానికి పొడవు మార్చదగిన నాలుగు కాళ్ళుండును. పైన సాధారణముగా 10 తీగలు. కుడిచేతి బొటనవ్రేలికిని మఱి రెండు వ్రేళ్ళకును గోరుతొడుగులు తొడిగి తీగలను మీటుదురు. నేలమీద మూడు పెడళ్ళు. బల్ల అడుగున నాలుగైదు మోకాటి మీటలు: ఎడమ మోకాలు ఎడమకు త్రోయునది ఒకటి, కుడికి త్రోయునది ఒకటి, పైకెత్తునది ఒకటి, కుడి మోకాలికి ఇరుప్రక్కల రెండు. మీటను త్రోసినప్పుడు దానికి తగిలించిన అడ్డకడ్డి కొంచెము తిరుగును. అడ్డకడ్డికి బిగించిన చిన్న చేయి ఒక సన్నని లాగుడు కడ్డీని లాగును. ఆ కడ్డీ కుడికొననున్న ఛేంజరు అను భాగములోని ఒక లోహపు వ్రేలిని త్రిప్పును. తీగ కొన ఆ వ్రేలిమీద చుట్టబడి యున్నందున తీగ బిగియును, లేదా సడలును. స్థాయిలోని 12 స్వరస్థానములలో ఒక పెడలు రెండు తీగలను రెండేసి స్థానములు పైకి తీసికొనిపోవును. ఇంకొకటి మఱి రెండు తీగలను ఒక్కొక్క స్థానము పెంచును. ఒక మీట తీగను ఒక స్థానము పెంచగా, మఱియొక మీట అదే తీగను ఒక స్థానము దించును. మోకాలు రెండంగుళములు కదలిన మాత్రమున స్వరము మాఱును. ఆ కదలిక సులువుగా నున్నదా, కష్టముగా నున్నదా యనునదే వాద్యము ఒడబడుటకును మొండికెత్తుటకును కారణమగుచున్నది.

ఇంతటి యంత్రము ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి వచ్చినప్పుడు మొదటివాని కాళ్ళ కొలతలను తనతో తెచ్చును. ఆరడుగుల మనిషికి అమర్చిన మీటలు అయిదడుగుల మనిషికి దూరముగా నుండును. పొట్టివానికి అమర్చినది పొడుగువాని తొడలను ఒరయుచుండును. క్రొత్తగా కొన్నవాడు ఇది గుర్తింపక, ఒకవైపు నడుము త్రిప్పియు, పాదమును వంచియు, తన శరీరమునే వాద్యమునకు అమర్చుకొనుట మొదలుపెట్టును. కొలది నెలలలో ఆ వంకరయే అలవాటగును. తరువాత సరిచేయుట కష్టము.

సరియైన వరుస ఆసనముతో ఆరంభమగును. పీట తిరుగరాదు, ఊగరాదు, కుదికిలపడరాదు. కూర్చుండినప్పుడు పాదములు నేలపై పూర్తిగా ఆని, తొడలు నేలకు ఇంచుమించు సమాంతరముగా నుండవలెను. పీట మిక్కిలి పొట్టిదైనచో మోకాళ్ళు పైకి లేచి బల్లను తాకును. ఎత్తైనచో పాదములు తేలిపోయి పెడళ్ళమీద అదుపు తప్పును. ఇది కుదురువఱకు మీటలను ముట్టుకొనుట వృథా.

తరువాత వాద్యపు ఎత్తు. కాళ్ళను పొడిగించియో కుదించియో, మోకాళ్ళకును బల్ల అడుగునకును నడుమ చాలినంత ఖాళీ యుండునట్లును, భుజములు పైకి లేవక మోచేతులు వదులుగా వ్రేలాడునట్లును నిలుపవలెను. ఇచ్చట చాలమంది ఒక తప్పు చేయుదురు. బల్లను పైకెత్తినప్పుడు దానినుండి వ్రేలాడు పెడళ్ళ కడ్డీలు కూడ దానితోబాటు పైకి లేచును. పెడళ్ళు నేలనుండి ఎత్తుకొని పోవును. పాదమును గాలిలో ఎత్తిపెట్టి త్రొక్కవలసి వచ్చును. కావున బల్ల ఎంత లేచినదో కడ్డీలను అంత పొడిగింపవలెను. మడమ నేలమీద నుండగనే చీలమండ వంపుతో పెడలు అడుగంటవలెను. మనదేశమున నొక విశేషము కలదు. ఈ వాద్యమును పుట్టించినవారు బూట్లు తొడిగికొని వాయించిరి. మన యిండ్లలో వట్టికాళ్ళతో కూర్చుండుట అలవాటు. బూటు మడమ ఒక అంగుళమున్నచో, అది లేనప్పుడు మోకాలు అంత క్రిందికి దిగును, పైకెత్తు మీటకు అందదు. ఇంటిలో వట్టికాళ్ళతో సాధన చేసి, వేదికమీద బూట్లతో కూర్చుండినవానికి తన వాద్యమే పరాయిదిగా తోచును. ఏదో ఒకటి నిశ్చయించుకొని, దానికే అమర్చుకొనుట మేలు.

ఎత్తు కుదిరిన పిమ్మట ఎంత దగ్గఱగా కూర్చుండవలెనని ప్రశ్న. కాలు తుంటివద్ద తిరుగును. తుంటికి దూరమైనకొలది కాలి కదలిక పెద్దది, దానికి కావలసిన బలము తక్కువ. తలుపును గడియవద్ద త్రోయుట సులభము, బందువద్ద త్రోయుట కష్టము. మీట మోకాలి ప్రక్కన తగిలినచో కొద్ది బలముతో కదలును. తొడ నడుమ తగిలినచో తొడ కండరములన్నియు బిగియవలెను. పీటను మిక్కిలి ముందుకు లాగుకొనువారు ఈ పొరపాటు చేయుచుందురు. వారు మీటలు గట్టిగా నున్నవని మరలు త్రిప్పుచుందురు. పీటను ఒక బెత్తెడు వెనుకకు నెట్టినచో మీటలు వాటంతట అవియే తేలికపడును.

ఎడమ మోకాలు ప్రక్కమీటల రెంటి నడుమ, దేనిని తాకక, విశ్రాంతిగా నిలువవలెను. ఇరుప్రక్కల ఒక వ్రేలి మందమంత ఎడము చాలును. ఎడము లేనిచో, పెడలును త్రొక్కినప్పుడు మోకాలు తెలియకుండ మీటను తాకి స్వరము చెడును. ఎడము ఎక్కువైనచో మోకాలు మీటను వెదకికొనుచు పోవలెను. వెదకులోపల తాళము తప్పును. మీట ఎక్కువ దూరమున్నచో దానిని పట్టియుంచిన దిమ్మెను సడలించి జరుపవచ్చును. అట్టి వీలులేని వాద్యములలో మీటకు మెత్తని తోలుముక్కనో చెక్కనో అంటించి ఎడమును తగ్గించుకొందురు. మోకాలు ప్రక్కకు కదలినప్పుడు పాదము పెడళ్ళమీదనుండి తొలగరాదని కూడ చూడవలెను. పైకెత్తు మీట తొడకు మీదుగా కొంచెము ఎడముతో నుండవలెను. అది మిక్కిలి దిగియున్నచో పాదము కదలినప్పుడెల్ల దానికి తగులును. మిక్కిలి పైనున్నచో దానికై పాదమును పెడళ్ళనుండి ఎత్తవలసి వచ్చును.

కుడి మోకాలి సంగతి సులభము. కుడిపాదము క్రిందనున్న ధ్వని పెడలు బల్లకు అంటియుండదు. నేలమీద వేఱుగా నుండును. దానిని అంగుళము కుడికి జరిపినచో మోకాలు కుడికి పోవును, ఎడమకు జరిపినచో ఎడమకు వచ్చును. మరలు విప్పుటకు ముందు ఈ పెడలును జరిపి చూచుట తెలివైనవాని పని. దీనికి ఖర్చు లేదు, సాధనము అక్కఱలేదు.

ఇంతవఱకు చెప్పినవి స్థానములు. ఇక మిగిలినది మీట ఎంత దూరము పోవలెను, ఎంత గట్టిగా నుండవలెను అనునది. ఈ రెండును ఒకదానికొకటి ముడిపడియున్నవి. ఏతము త్రొక్కినవారికిని, గడ్డపారతో రాయి పెకలించినవారికిని ఈ సంగతి తెలియును: బలము తగ్గవలెనన్నచో దూరము పెరుగవలెను. వాద్యపు అడుగుననున్న చిన్న చేతులకు వరుసగా రంధ్రములుండును. లాగుడు కడ్డీని అడ్డకడ్డికి దూరమైన రంధ్రమున తగిలించినచో కొద్ది కదలికతోనే తీగ బిగియును, కాని మీట గట్టిపడును. దగ్గఱి రంధ్రమున తగిలించినచో మీట మెత్తపడును, మోకాలు ఎక్కువ దూరము పోవలెను. ఛేంజరులోని రంధ్రములలో ఇది తలక్రిందుగా నుండును. అందు ఇరుసునకు దూరమైన రంధ్రము మీటను మెత్తపఱచును. రెండును కావలెను, అనగా మీట మెత్తగాను నుండవలెను, దూరమును పోరాదు, అని కోరువాడు నిరాశపడక తప్పదు. వయసు చిన్నదై బలము తక్కువైన వారికి మెత్తని మీటయే తగినది. వేగముగా వాయించువారు గట్టిదనమును ఓర్చుకొని, కదలికను తగ్గించుకొందురు.

మీట ఎచ్చట నిలిచిపోవలెనో నిర్ణయించు మర యొకటి కలదు. లాగుడు కడ్డీల కొనలకు నైలాన్ మరలు కలవు. స్వరమును సరిచూచుట వానితోనే. కడ్డీని మార్చిన ప్రతిసారియు ఆ స్వరమును మరల సరిచూడవలెను. నైలాన్ మరను అవసరమునకు మించి బిగించినచో, మీటను త్రోయకయే ఛేంజరులోని వ్రేలు తన స్థానమునుండి కొంచెము లేచి నిలుచును. అప్పుడు మీటను విడిచినను తీగ తన మొదటి స్వరమునకు రాదు. తీగ పాడైనదని క్రొత్త తీగ వేయుదురు. అదియును అట్లే చేయును. మర ఒక్క వెండ్రుకవాసి సడలినచో రోగము పోవును.

ఒకనాడు ఒక్క మార్పే చేయవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఒకేసారి పీటను, ఎత్తును, మీటను మార్చినచో ఏది మేలు చేసినదో, ఏది కీడు చేసినదో తెలియదు. మార్చిన పిమ్మట కొన్నినాళ్ళు వాయించి చూడవలెను, ఏలయన తప్పు అమరిక కూడ అలవాటైనవానికి సరియైన అమరిక మొదట అసౌకర్యముగానే యుండును. క్రొత్త పనిచేసిన కండరములు అలయుట వేఱు. కీలు నొచ్చుట వేఱు. అలసట విశ్రాంతితో తీరును. మోకాటిలోనో తుంటిలోనో నడుములోనో ప్రతిదినము ఒకే చోట నొప్పి వచ్చుచున్నచో అది అమరికలోని తప్పు. కొందరు ఆ నొప్పిని సాధనకు గుర్తుగా మెచ్చుకొందురు. అట్టి మెప్పు పిల్లలకు హాని చేయును. పిల్లవాడు నొప్పియని చెప్పినప్పుడు వాద్యమును చూడవలెను, పీటను చూడవలెను. వీణవద్దను, వయొలినువద్దను, ఈ పరదేశపు వాద్యమువద్దను చూచు తీరు ఒక్కటే: బరువును ఏది మోయుచున్నది, కదలవలసినది స్వేచ్ఛగా నున్నదా?

అంతయు కుదిరిన నాడు చేయవలసిన చిన్న పని యొకటి మిగిలియుండును. ఈ వాద్యమును ఒకచోటినుండి మఱియొకచోటికి తీసికొనిపోవునప్పుడు కాళ్ళను ఊడదీసి పెట్టెలో పెట్టుదురు. మరల బిగించునప్పుడు ఏ కాలు ఎంత పొడవున నుండెనో జ్ఞప్తియందుండదు. కావున కాలు కాలికి, దాని పొడవు తెలియునట్లు రంగుతో సన్నని గీత గీసికొందురు. పీట ఎత్తును ఒక కాగితముమీద వ్రాసి పెట్టెమూతకు లోపల అంటింతురు. ఇంటిలో సాధన చేయుచోట పీట కాళ్ళచుట్టును, ధ్వని పెడలుచుట్టును నేలమీద సుద్దతో గీతలు గీయుదురు. ఇల్లు ఊడ్చినప్పుడు ఆ సుద్ద చెరిగిపోవును; మరునాడు కొలిచి మరల గీయవలసియే యుండును.